వెనక ప్రాణం ఉన్న బండి

మా పాత ట్రక్కు జూలైలో ఒక ఆదివారం రాత్రి ఆగిపోయింది. వెనక ట్రైలర్‌లో కడుపునొప్పితో ఉన్న గుర్రం. పక్క సీట్లో పదిహేనేళ్ల కూతురు. ఇంకో ట్రక్కు కొనేసరికి అక్టోబరు వచ్చింది. ఆ రాత్రి గురించీ, ఆ నెలల గురించీ రాస్తున్నాను. అమెరికాలో గుర్రం ఉన్న తెలుగు ఇళ్లు తక్కువే. కానీ డాలస్‌కి ఉత్తరాన ఆబ్రీ, పైలట్ పాయింట్ వైపు మనవాళ్లు ఇళ్లు కొంటూనే ఉన్నారు. అక్కడ రోడ్డుకి అటూ ఇటూ కంచెలు, కంచెల వెనక గుర్రాలు. పిల్లలు చూస్తారు, అడుగుతారు. మా అమ్మాయీ అలాగే అడిగింది.

ఆ ఆదివారం సాయంత్రం, మేము గుర్రాన్ని ఉంచే బార్న్ నడిపే ఆవిడ ఫోన్ చేసింది. బాదం గడ్డి ముట్టడం లేదట. బాదం మా గుర్రం పేరు. క్వార్టర్ హార్స్, దాదాపు 1,100 పౌండ్లు, అంటే 500 కిలోలు. మేము వెళ్లేసరికి ముందుకాలితో నేల గీరుతోంది. పడుకుంటోంది, లేస్తోంది, తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆరోగ్యంగా, నిమ్మళంగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. బాదంకి 64 ఉంది. గుర్రానికి వాంతి కాదు. కడుపులో చేరింది పైకి వచ్చే దారి లేదు. అందుకే ముక్కులోంచి గొట్టం వేసి చూసింది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. "ఈ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు" అంది.

మా ఆయన అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. మా అత్తగారికి గుండె ఆపరేషన్. ట్రైలర్ కట్టి ట్రక్కు నడిపేది ఎప్పుడూ ఆయనే. నేనూ నడిపాను గానీ పగటిపూట, దగ్గర దూరాలకి. ఆ రాత్రి వేరే దారి లేదు. నేనూ అమ్మాయీ కలిసి బాదంని ఎక్కించాం.

377 హైవే మీద పైలట్ పాయింట్ దాటాక ఇంజను మోత పెరిగింది. స్పీడు మాత్రం తగ్గుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే మోతే తప్ప కదలిక లేదు. మాడిన వాసన వచ్చింది. ఇండికేటర్లు వేసి పక్కకి తీశాను. అక్కడ రోడ్డు పక్కన జాగా ఇరుకు. ట్రైలర్ ఎడమ చక్రాలు తెల్లగీతకి జానెడు దూరంలో ఆగాయి. దిగి చూస్తే ట్రక్కు కింద ఎర్రటి నూనె కారుతోంది. గేర్‌బాక్స్ పోయింది.

మళ్లీ ఎక్కి కూర్చున్నాను. ఆ తర్వాత కాసేపు నేనేమీ చేయలేదు. ఇది దాచుకోవడం ఇష్టం లేదు. స్టీరింగ్ వదలడానికి చేతులు రాలేదు. పెద్ద లారీ పోయినప్పుడల్లా ట్రక్కు మొత్తం ఊగేది. వెనక నుంచి గిట్టలు ఇనుప గోడకి తగిలే చప్పుడు. నేను మా ఆయనకి ఫోన్ చేశాను. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఆయన ఏం చేయగలరు? ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా చేశాను. ఆయన అడుగుతున్న దేనికీ నేను జవాబు చెప్పలేకపోయాను. ఏడ్చాను. చివరికి సాయం కోసం వేరే ఫోన్లు చేసింది మా అమ్మాయి. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చేసింది.

మొదట మా కార్డు మీద ఉన్న రోడ్డుసాయం నంబరుకి చేసింది. వాళ్లు చెప్పింది ఇది: ట్రక్కుని తీసుకెళ్తాం, ప్రాణం ఉన్న జంతువుతో ట్రైలర్‌ని లాగం. చాలా రోడ్డుసాయం పథకాల్లో ఇదే నియమం. గుర్రాల ట్రైలర్లు ఉన్నవాళ్ల కోసమే యూఎస్‌రైడర్ అనే సర్వీసు ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. అమ్మాయి తర్వాత 911కి చేసింది. ఆ తర్వాత మా పొరుగాయనకి.

షెరీఫ్ ఆఫీసు నుంచి ఒక డెప్యూటీ వచ్చాడు. కుర్రవాడు. తన కారుని మా వెనక కాస్త దూరంగా ఆపి లైట్లన్నీ వేశాడు. ఆ లైట్లు చూశాక నాకు ఊపిరి ఆడింది. గుర్రాన్ని దించి నిలబెడదామా అని అడిగాను. "వద్దమ్మా, హైవే మీద గుర్రాన్ని దించకూడదు" అన్నాడు. అమ్మాయి ట్రైలర్ పక్క కిటికీ దగ్గర నిలబడి బాదంతో మాట్లాడుతూ ఉంది. లోపలికి వెళ్తానంది. వెళ్లనివ్వలేదు. నొప్పితో ఉన్న గుర్రంతో ఇరుకు అరలో ఉంటే మనిషి ప్రాణం పోవచ్చు. అరిచి మరీ ఆపాను. ఆ రాత్రి నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

పొరుగాయన వచ్చేసరికి గంట దాటింది. డెబ్భై దాటిన మనిషి, పశువులు పెంచుతాడు. డీజిల్ ట్రక్కు. ఒక బకెట్లో, ట్రైలర్‌ని తగిలించే హిచ్ బంతులు రెండు సైజులవీ వేసుకొచ్చాడు. మా ట్రైలర్‌ది 2 5/16 అంగుళాల బంతి, ఆయన ట్రక్కుకి ఉన్నది 2 అంగుళాలది. పెద్ద కప్పు చిన్న బంతి మీద కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకులో పైకి లేచి ఊడిపోతుంది. నాకు ఆ సంగతి గుర్తు లేదు. ఆయనకి ఉంది. ట్రైలర్ చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, జాకీతో పైకి లేపి, మా ట్రక్కుని న్యూట్రల్‌లో పెట్టి గొలుసుతో ముందుకి లాగేశాడు. తన ట్రక్కుకి బంతి మార్చి, వెనక్కి తెచ్చి కట్టాడు. భద్రత గొలుసులు, కరెంటు తీగ, ట్రైలర్ విడిపోతే దానంతట అది బ్రేకులు పట్టే తాడు, అన్నీ చేత్తో ముట్టుకుని చూశాడు. హడావిడి పడలేదు. నాకు మాత్రం ఆ నెమ్మది భరించలేనట్టుగా ఉండింది.

ఆస్పత్రిలో తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. పెద్దపేగు చోటు తప్పి మెలిక పడింది. బాదం బతికింది. బిల్లు పది వేల డాలర్లు దాటింది. బీమా ఉన్నా కొంతే వచ్చింది. మిగతాది ట్రక్కు కోసం తీసి పెట్టుకున్న డబ్బులోంచి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం పైలట్ పాయింట్‌లో మెకానిక్ ట్రక్కు కిందికి దూరి చూశాడు. మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన. వేరే గేర్‌బాక్స్ వేయించే ఖర్చుకీ ట్రక్కు విలువకీ పెద్ద తేడా లేదన్నాడు. రెండు లక్షల మైళ్లు తిరిగిన బండి. తుక్కు ధరకి ఇచ్చేశాం.

అక్కడి నుంచి ప్రతిదానికీ ఒకరి దయ. కుట్లు తీయించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పొరుగాయన. మళ్లీ చూపించాలి, బార్న్ ఆవిడ. గడ్డి మోపులు తేవాలి, అమ్మాయి స్నేహితురాలి తండ్రి. ఎవరూ డబ్బు తీసుకోలేదు. అదే కష్టమైంది. డబ్బు తీసుకుంటే మళ్లీ అడగడం తేలిక. పొరుగాయన భార్యకి పులిహోర, గారెలు చేసి పంపేదాన్ని. ఆవిడ ఖాళీ డబ్బాలో తన తోట టమాటాలు వేసి తిరిగి పంపేది. మా ఆఫీసులో నిజామాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. గుర్రం గురించి ఆమెకి ఏమీ తెలియదు. బాదం ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ పెరుగన్నం, ఆవకాయ తెచ్చి పార్కింగ్‌లో ఇచ్చి వెళ్లేది. ఆమె ఒక్కతే నన్ను "నీకెలా ఉంది?" అని అడిగింది.

ఆగస్టులో ఇంకో ట్రక్కు కోసం వెతకడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఎంపిక చేస్తున్నది నేను కాదు, నా భయం. దొరికినవాటిలో అన్నిటికంటే పెద్దది కొనేయాలి, ఇంకెప్పుడూ ఆగిపోకూడదు, అంతే. పొరుగాయన "ముందు నీ ట్రైలర్ ఎంత బరువో చెప్పు" అన్నాడు. నాకు తెలియదు.

లెక్క వేశాం. ఖాళీ ట్రైలర్ 3,200 పౌండ్లు. రెండు గుర్రాల ట్రైలర్ కాబట్టి రెండు ఎక్కితే ఇంకో 2,300. జీనులు, నీళ్లు, గడ్డి కలిపి 500. మొత్తం 6,000.

మొదట చూసింది హాఫ్ టన్ రకం, అందరి వాకిట్లో కనిపించేది. సేల్స్‌మన్ 11,000 పౌండ్లు లాగుతుందన్నాడు. అబద్ధం కాదు. ఆ అంకె ఎలా వస్తుందో తర్వాత చదివాను. ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తురోడ్డుని కొలతగా పెట్టుకున్నారు. 100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో, ఏసీ వేసి, దాదాపు 11 మైళ్లు ఎక్కాలి. గట్టి పరీక్షే. కానీ ట్రక్కులో ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు, దాదాపు ఖాళీ బండి అని లెక్క. పైగా ఆ ట్రైలర్‌లోని బరువు కదలదు. గుర్రం కదులుతుంది. మలుపులో కాళ్లు సర్దుకుంటుంది, ఈగ వాలినా తన్నుతుంది.

పొరుగాయన సేల్స్‌మన్ మాట వినకుండా డ్రైవర్ తలుపు తెరిచి ద్వారబంధం మీది స్టిక్కర్ చూడమన్నాడు. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని దాని మీద ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్‌లో కూడా బండి బండికీ మారుతుంది. తోలు సీట్లు, అద్దాల పైకప్పు, ఫోర్ వీల్ డ్రైవ్, ప్రతి సోకూ దాన్ని తగ్గిస్తుంది. ఆ మెరిసే ట్రక్కు మీద 1,400 అని ఉంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది. మాకు 600 నుంచి 900. నేనూ అమ్మాయీ కలిపి 250, మా ఆయన కూడా ఎక్కితే 420. హిచ్ సామగ్రి 100. వెనక తొట్టిలో గడ్డి, పనిముట్లు 200. ఎక్కువ వైపు కూడితే 1,600 దాటుతుంది. 11,000 లాగే బండి మా 6,000 ట్రైలర్‌కి చాలదు.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చెప్పాను. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో ఆయన చిన్నప్పుడు పత్తి బోరాలు ఎడ్లబండి మీద తోలినవాడు. "ఎడ్లు లాగుతాయమ్మాయ్, ఎంతైనా లాగుతాయి. బరువు ఇరుసుకి ముందు పడుతోందా వెనక పడుతోందా చూడు" అన్నాడు. వెనక బరువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టేస్తుంది. మరీ ముందు బరువైతే మెడలు పుండ్లు పడతాయి. ట్రైలర్‌కీ అంతే. హిచ్ మీద బరువు తక్కువైతే తోక ఊగడం మొదలవుతుంది, ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. ఎక్కువైతే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. బోరాలు సర్దుకునే అవకాశం నాన్నకి ఉండేది. ఒక్క గుర్రాన్నే ఎక్కించేటప్పుడు ఇక్కడ డ్రైవర్ వైపు అరలో కట్టమంటారు, రోడ్డు కుడి అంచు వైపు వాలుగా ఉంటుంది కాబట్టి. మనం సర్దగలిగేది దాదాపు అంతే. మిగతాదంతా ట్రక్కు మోయాలి.

అంటే హాఫ్ టన్‌కి పై రకం, త్రీక్వార్టర్ టన్. ఇక డీజిలా పెట్రోలా అన్నది మిగిలింది. ఇక్కడే ఎక్కువ రోజులు పోయాయి.

పొరుగాయన డీజిల్ తప్ప వేరే మాట వినడు. రోజూ పశువులతో బరువు లాగేవాడికి అది సరైనదే. దిగుడు రోడ్లో డీజిల్‌కి ఉండే ఎగ్జాస్ట్ బ్రేకు ఎంత బాగుంటుందో తన ట్రక్కులో కూర్చోబెట్టి చూపించాడు. కానీ మా తిరుగుడు వేరు. వారానికోసారి, పదీ పదిహేను మైళ్లు. డీజిల్ పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి చాలాసేపు వేడిగా నడిస్తేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది. చిన్న చిన్న దూరాలకి అది నిండిపోతూ ఉంటుంది. డీఈఎఫ్ అనే ద్రవం పోయాలి. ఆ వ్యవస్థలో లోపం కనిపించి, పట్టించుకోకపోతే కంప్యూటర్ బండి వేగాన్ని తగ్గించేస్తుంది. ఆ మాట విన్నప్పుడు నాకు అరచేతులు చెమట పట్టాయి. సెన్సర్ పాడై అర్ధరాత్రి వేగం తగ్గిపోతుందా? కొన్ని లక్షల మైళ్లు నడిచే ఇంజన్లు అవి, నాకు తెలుసు. అయినా సరే. పైగా కొత్త బండిలో డీజిల్ ఇంజను కోసం అదనంగా వేల డాలర్లు అవుతుంది. ఇంజనే బరువు కాబట్టి పేలోడ్ తగ్గుతుంది. ఒక డీజిల్ త్రీక్వార్టర్ టన్ తలుపు మీద 2,000 చూశాను, పెట్రోలు దాని మీద 3,100.

పెట్రోలుకి లోటు ఉంది. ట్రైలర్ కడితే గాలన్‌కి పది మైళ్లు కూడా రావు. ఎత్తులో గట్టిగా అరుస్తుంది. ఆ అరుపుకి నేను అలవాటు పడాలి, ఎందుకంటే నా గేర్‌బాక్స్ పోయిన రోజు విన్నది కూడా అలాంటి అరుపే.

సెప్టెంబరులో మా ఆయన వచ్చేశారు. "నేను వెళ్లి కొనేస్తాను, నువ్వు కంగారు పడకు" అన్నారు. ఆ మాట హాయిగా అనిపించింది. ఒక రోజంతా ఒప్పుకున్నాను కూడా. మర్నాడు కాదన్నాను. మళ్లీ ఆయన ఊళ్లో లేనప్పుడు నడపాల్సింది నేను.

పాతవి చూస్తూ తిరిగాం. ఒకటి చాలా చవక. మెకానిక్ సీటు పట్టాల కింద వేలు పెట్టి తీస్తే ఎండిన బురద వచ్చింది. 2017లో హార్వే తుపానుకి హ్యూస్టన్ వైపు లక్షల బండ్లు నీళ్లలో మునిగాయి. మునిగిన బండి పేపర్లలో ఆ సంగతి ఉండాలి, అన్నిసార్లూ ఉండదు. ఇంకోదానికి మైళ్లు తక్కువ, ఇంజను నడిచిన గంటలు మాత్రం చాలా ఎక్కువ. ఎక్కడో ఆన్ చేసి నిలబెట్టి వాడిన బండి. మైళ్లతో పాటు గంటలూ చూడాలని ఆ మెకానిక్కే నేర్పాడు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం అని, ఎక్కువ బరువు మోసే టైరుకి 'ఈ' గుర్తు ఉండాలని, హిచ్ గొట్టం లోపల అరుగుదల చూడాలని, గేర్‌బాక్స్ నూనె మాడు వాసన రాకూడదని కూడా. చూసినందుకు ఫీజు తీసుకునేవాడు. తిరస్కరించిన బండికి సగమే తీసుకునేవాడు. అలా ఎందుకని అడిగితే నవ్వాడు.

అక్టోబరులో దొరికింది. 2020 ఫోర్డ్ ఎఫ్-250, 7.3 లీటర్ల పెట్రోలు వీ8, వెనక ఇరుసు 4.30. స్టిక్కర్ మీద 3,100 చిల్లర. ట్రైలర్ బ్రేకుల కంట్రోలరు కంపెనీ నుంచే వచ్చింది. అమ్మింది రిటైరైన దంపతులు, క్యాంపర్ లాగేవాళ్లు. ఖర్చుల కాగితాలన్నీ ఫైలు చేసి పెట్టారు. మేము అనుకున్నదాని కంటే ఎక్కువే అయింది, అప్పు పెద్దదైంది.

మా ట్రైలర్ కట్టి నడిపి చూస్తేనే కొంటానన్నాను. ఒప్పుకున్నారు. ఖాళీ ట్రైలర్ తెప్పించి కట్టాం. సీట్లో కూర్చున్నాక నా కాళ్లు వణకడం మొదలైంది. వాళ్ల వాకిట్లో, వాళ్ల ముందు. దిగిపోయాను. ఆ పెద్దావిడ ఏమీ అడగలేదు. ఐస్ టీ తెచ్చిచ్చి, తను మొదటిసారి క్యాంపర్ లాగినప్పుడు ఎన్ని చెట్లకి గీసిందో చెప్పింది. రెండోసారి ఎక్కి నడిపాను. ఖాళీ పార్కింగ్‌లో కంట్రోలర్ మీది మీట చేత్తో నొక్కి, ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించి చూశాను. వెనక నుంచి ఎవరో కొంగు పట్టి ఆపినట్టు నెమ్మదిగా ఆగింది. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. ఉండటం వేరు, పట్టడం వేరు.

కొన్న వారం బాదంని ఎక్కించుకుని 35 హైవే పక్కన ట్రక్కులు ఆగేచోట క్యాట్ స్కేలు మీదికి వెళ్లాం. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్, మూడింటి బరువూ విడివిడిగా చీటీ మీద వస్తుంది. అంతా కలిపి 12,000 లోపే. ట్రక్కు ఒక్కదాని మీద 7,800. దాని పరిమితి 10,000. ఆ చీటీ గ్లవ్ బాక్సులో ఉంది. అందులోనే ఇప్పుడు రెండు సైజుల బంతుల కొలతలు, గుర్రాల రోడ్డుసాయం నంబరు, రాత్రిపూట ట్రైలర్ లాగడానికి వస్తామని మాట ఇచ్చిన ముగ్గురి నంబర్లు రాసిన కాగితం ఉంది. మీకు గుర్రం ఉండి ఇది చదువుతుంటే, ట్రక్కు వెతకడం తర్వాత, ముందు ఆ కాగితం రాసుకోండి. వాళ్లని ముందే అడగండి. అర్ధరాత్రి అడిగితే నోరు పెగలదు. నాకు పెగల్లేదు.

నా నంబరు కూడా బార్న్ బోర్డు మీద రాశాను. జనవరిలో మంచు కురిసిన రాత్రి ఒకావిడ ఫోన్ చేసింది. వెళ్లాను. మా ఆయన పక్కన కూర్చున్నారు, నేను నడిపాను. దారిలో మాట్లాడలేదు. ట్రక్కుకి ఏమీ కాలేదు. ఆవిడ గుర్రం మాత్రం బతకలేదు. పేగు అప్పటికే చచ్చిపోయిందన్నారు. ఖాళీ ట్రైలర్ తీసుకుని వచ్చేటప్పుడు ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. ఏమనాలో నాకు తెలియలేదు.

377 మీద ఆ చోటు దగ్గర ఇప్పటికీ యాక్సిలరేటర్ మీద కాలు తేలికవుతుంది. ఇంజను మోతకీ స్పీడుకీ పొంతన ఉందో లేదో చూసుకుంటాను. ఉంటుంది. రివర్స్ ఇంకా బాగా రాలేదు. అమ్మాయి వెనక నిలబడి చేతులు ఊపుతుంది, "అమ్మా, కుడి, కుడి, అటు కాదు" అని అరుస్తుంది. ఒక్కోసారి దిగి తాళాలు తనకిచ్చేస్తాను. తను పెట్టేస్తుంది.